ముందు హెడ్డు, ఆ తర్వాతే పిడి

హన్మకొండలో మా ఇంటి వాష్‌బేసిన్ పక్కన ఉన్న చిన్న అలమరలో పండ్లు తోముకునే కరెంటు బ్రష్షుల పిడులు మూడు ఉన్నాయి. వాటిలో పని చేస్తున్నది ఒకటే. మిగిలిన రెండూ మోటారు చెడిపోయి మూలన పడ్డవి కావు. ఒకదానికి ఛార్జర్ కాలిపోయింది, రెండోదానికి పైన తగిలించే పోగుల హెడ్లు దొరకలేదు. ఐదేండ్లలో ఈ మూడింటి మీద పెట్టిన డబ్బు, వాటి వెంట తిరిగిన తిరుగుడు నాకు నేర్పిన సంగతి ఒకటుంది. కరెంటు బ్రష్ కొనేవాళ్ళు ముందుగా చూడవలసింది పైన తగిలించే హెడ్డును, అది మన ఊళ్ళో ఏడాది పొడవునా దొరుకుతుందా లేదా అన్న విషయాన్ని. డబ్బా మీద పెద్ద అక్షరాలన్నీ పిడి గురించే చెబుతాయి కానీ, పంటిని తాకేది హెడ్డు, అరిగిపోయేది హెడ్డు, మూడు నెలలకొకసారి మళ్ళీ కొనవలసిందీ హెడ్డే.

మా ఇంట్లోకి ఈ బ్రష్ రావడానికి కారణం మా బాపు. పరకాల పక్క పల్లెలో పుట్టి, ముప్పై ఏండ్లకు పైగా సర్కారు బడిలో పంతులుగా పని చేసి, రిటైరైన తర్వాత మా దగ్గరికి వచ్చిన ఆయనకు డెబ్బై దాటేవరకు యాపపుల్లే బ్రష్. షుగరు వచ్చి పదిహేనేండ్లు దాటింది. తర్వాత కుడిచేతి వేళ్ళ కీళ్ళు వాచి బిగుసుకుపోవడం మొదలైంది. పుల్ల నమిలితే ముందరి పండ్లు కదులుతున్నట్టు అనిపిస్తున్నదని, మామూలు బ్రష్ పట్టుకుంటే పిడికిట్లో నిలవడం లేదని ఆయనే చెప్పారు. ఉమ్మిన నీళ్ళలో నెత్తురు జీర కనిపించడం నేను చూసిన నాడే పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిగురుకూ పంటికీ మధ్య సందు మామూలుగా మూడు మిల్లీమీటర్లకు మించకూడదని, బాపుకు వెనక దవడ పండ్ల దగ్గర కొన్ని చోట్ల ఐదు దాకా పోయిందని ఆ డాక్టరు సన్నని కొలతపుల్ల పెట్టి చూపించారు. చిగుళ్ళ జబ్బు షుగరును అదుపు తప్పిస్తుంది, షుగరు అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయని ఆయన విడమరిచి చెప్పినప్పుడు, బ్రష్ సంగతి మందు సంగతంత ముఖ్యమైనదని నాకు మొదటిసారి అర్థమైంది.

పండ్ల మీద పేరుకునే పాచి అనేది తిండి మెతుకుల మురికి మాత్రమే కాదు, పంటికి అతుక్కుని పెరిగే సూక్ష్మజీవుల పొర. కడుక్కున్న కొద్ది గంటలకే అది మళ్ళీ మొదలవుతుంది. పూర్తిగా తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం వంటి లవణాలు పట్టి గట్టిపడి గార అవుతుంది. గార కట్టిన తర్వాత ఏ బ్రష్షూ, ఎంత ఖరీదైనదైనా దాన్ని తీయలేదు, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించుకోవలసిందే. కనుక బ్రష్ చేయవలసిన పని మెత్తటి పాచిని, అది గార కాకముందే, ప్రతిరోజూ, పంటికీ చిగురుకూ మధ్య గీత దగ్గర తుడిచివేయడం. ఈ పనికి చేతి వేళ్ళలో నేర్పు కావాలి. నేర్పు, ఓపిక ఉన్నవాళ్ళకు నలభై రూపాయల మెత్తటి బ్రష్షే చాలు. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా అమ్మ ఇప్పటికీ దానితోనే తోముకుంటుంది, ఆమె చిగుళ్ళు మా అందరి కంటే బాగున్నాయి.

వేళ్ళు సహకరించని వాళ్ళ సంగతి వేరు. 1954లో స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ గీ వూగ్ అనే ఆయన బ్రాక్సోడెంట్ అన్న పేరుతో, బాగా వాడుకలోకి వచ్చిన తొలి కరెంటు బ్రష్‌ను తయారు చేసినప్పుడు మనసులో పెట్టుకున్నది చేతులు సరిగా ఆడని రోగులను, పండ్లకు తీగలు కట్టించుకున్న వాళ్ళను. అంటే ఈ వస్తువు పుట్టిందే మా బాపు వంటి వాళ్ళ చేతుల కోసం. మన దగ్గర అది సోకు వస్తువు వరుసలో, షేవింగ్ మిషన్ల పక్కన అమ్ముడుపోతున్నది కాబట్టి, దాని అసలు అవసరం ఉన్న ముసలివాళ్ళు అటువైపే చూడరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

మొదటి బ్రష్ అమెరికా నుండి మా చెల్లె తెచ్చింది. మంచి కంపెనీది, ఖరీదైనది. బాపు రెండు రోజులు వాడారు. మూడో రోజు ఛార్జర్‌ను గోడ సాకెట్‌కు తగిలించిన పది నిమిషాలకు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఛార్జర్ కింద వైపు, వేలి గోరంత జాగాలో, 110-130 వోల్టులు అని అచ్చు వేసి ఉంది. మన ఇండ్లలో వచ్చేది 230 వోల్టులు. ఫోను ఛార్జర్లు, లాప్‌టాప్ ఛార్జర్లు చాలావరకు 100 నుండి 240 దాకా తట్టుకుంటాయి కనుక అన్నీ అంతేననుకుని అడాప్టర్ పిన్ను మాత్రం మార్చి పెట్టాను. అమెరికాలో అమ్మే బ్రష్ ఛార్జర్లలో కొన్ని రెండు రకాల వోల్టేజీకీ పనికి వస్తాయి, కొన్ని అక్కడి కరెంటుకే పనికి వస్తాయి. వరంగల్ జిల్లాలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇండ్లకు లెక్క లేదు, సూట్‌కేసుల్లో ఈ బ్రష్షులు వస్తూనే ఉంటాయి. దయచేసి ఆ గోరంత జాగాలోని అంకెలు చదివిన తర్వాతే సాకెట్‌కు పెట్టండి. ఇంకో మాట కూడా ఉంది. ఛార్జర్ బతికి ఉన్నా ఆ బ్రష్ ఎక్కువ కాలం నడిచేది కాదు, ఎందుకంటే ఆ మోడల్‌కు సరిపడే హెడ్లు ఇక్కడ ఏ దుకాణంలోనూ లేవు. ప్రతి మూడు నెలలకూ అమెరికా నుండి ఎవరు వస్తారా అని ఎదురుచూడవలసి వచ్చేది.

రెండోది నేనే ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు కొన్నాను. పేరు వినని కంపెనీ, పిడితో పాటు నాలుగు హెడ్లు ఉచితం. ఐదు రకాల మోడ్లు, నీలం లైట్లు, ప్రయాణానికి ఒక డబ్బా. సంవత్సరం బాగానే నడిచింది. నాలుగో హెడ్డు పోగులు వంగిపోయాక మళ్ళీ కొందామని వెతికితే ఆ అమ్మకందారే అక్కడ లేడు. ఇతర కంపెనీల హెడ్లు తెప్పించి చూశాను. పిడి కొసన హెడ్డు ఎక్కే కడ్డీ లావులో పావు మిల్లీమీటరు తేడా ఉన్నా ఒకటి ఎక్కదు, ఒకటి ఎక్కి ఊగుతుంది. మోటారు ఈనాటికీ గిర్రున తిరుగుతున్న ఆ పిడి మా అలమరలో ఊరికే పడి ఉంది. దాని లోపల ఉన్న బ్యాటరీని మనం తీయలేము, చెత్తబండికి ఇవ్వడానికి మనసొప్పదు.

ఈ రెండు దెబ్బల తర్వాత మూడోసారి కొనేటప్పుడు పద్ధతి తిరగేశాను. బ్రష్‌ను చూడకుండా ముందు హెడ్లను వెతికాను. హన్మకొండ చౌరస్తాలో, వరంగల్ జె.పి.ఎన్. రోడ్డులో, నయీంనగర్ మెడికల్ షాపుల్లో అడిగి, ఏ హెడ్డు నిజంగా అరల్లో ఉందో చూసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఆ కంపెనీ సొంత దుకాణంలో అవే హెడ్లు ఎన్ని రకాలు ఉన్నాయో చూశాను. ఒక హెడ్డు ఒక్క పిడికే సరిపోతుందా, అదే కంపెనీ పిడులు పలు రకాలకు సరిపోతుందా అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. పెద్ద కంపెనీల్లో కూడా ఇక్కడ మెలిక ఉంది. ఓరల్-బి ఐఓ వరుస హెడ్లు అదే కంపెనీ పాత పిడులకు ఎక్కవు, పాత హెడ్లు ఐఓ పిడికి ఎక్కవు. ఫిలిప్స్ సోనికేర్‌లో కూడా పాతకాలపు మరతిప్పే హెడ్లు ఇప్పుడు నొక్కి తగిలించే పిడులకు రావు. డబ్బా మీద ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఒకదానికొకటి సరిపోతాయనుకోవద్దు.

మేము చివరికి ఎంచుకున్నది గుండ్రటి చిన్న హెడ్డు ఉండి అటూ ఇటూ తిరిగే రకం. రెండో రకం, సోనిక్ అనేది, మామూలు బ్రష్ ఆకారంలోనే ఉండి అతివేగంగా కంపిస్తుంది. 1992లో సోనికేర్ పేరుతో వచ్చినప్పుడు నిమిషానికి 31,000 కదలికలు అని చెప్పుకున్నారు. ఏది మేలు అన్న వాదన ఎడతెగనిది. ఉన్న తేడా చిన్నదని, చేతికి ఇంపైనది తీసుకోవడమే నయమని నా అభిప్రాయం. బాపుకు గుండ్రటిది నచ్చింది. అది ఒక్కో పన్ను మీద టోపీలా కూర్చుంటుంది కనుక ఎక్కడ ఉందో ఆయనకు తెలుస్తుంది. పిడి లావుగా, రబ్బరు తొడుగుతో ఉండటం వల్ల బిగిసిన వేళ్ళకు పట్టు దొరుకుతుంది. బ్లూటూత్, ఫోన్ యాప్, తెల్లబరిచే మోడ్ వంటి వాటి కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనవసరం లేదు. పెట్టవలసింది మూడింటికే. రెండు నిమిషాల టైమరు, ముప్పై సెకన్లకొకసారి నోటిలో ఇంకో మూలకు జరగమని చెప్పే చిన్న ఆగుడు, గట్టిగా ఒత్తితే ఎర్రగా వెలిగే ఒత్తిడి లైటు.

ఈ మూడోదాని విలువ మొదటి రోజే తెలిసింది. యాపపుల్లకు, పండ్లపొడికి అలవాటైన చేయి కనుక బాపు బ్రష్‌ను గోడకు సున్నం వేసినట్టు రుద్దారు. లైటు ఎర్రగా వెలిగి, మోటారు నెమ్మదించింది. “ఏందిర ఇది, గుస్సయితాంది?” అన్నారు. “ఒత్తుతానవ్ బాపు, నువ్వు రుద్దొద్దు, ఊకె పంటి మీద పెట్టి పట్టుకో, అదే తోముతది,” అని నేను ఆయన చేయి పట్టుకుని ఒక్కో పంటి మీద ఆపాను. చిగురు గీత వైపు కొంచెం వాల్చి, రెండు సెకన్లు నిలిపి, పక్క పంటికి జరగాలి. వారం రోజుల్లో లైటు వెలగడం తగ్గింది. కరెంటు బ్రష్ పండ్లను అరగదీస్తుందని మన బంధువుల్లో చాలామంది అంటారు. పంటిని అరగదీసేది, చిగురును కిందికి జారేట్టు చేసేది గట్టి ఒత్తిడి, గరుకు పోగులు, బొగ్గుపొడి, ఉప్పు వంటి రాపిడి సరుకులు. ఒత్తితే ఒత్తుతున్నావని చెప్పే వ్యవస్థ చేతి బ్రష్‌లో లేదు.

దీనివల్ల నిజంగా లాభం ఉందా అన్నదానికి నేను నమ్మే లెక్క ఒకటుంది. 2014లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 56 పరిశోధనలను ఒక్కచోట పెట్టి చూసింది. చేతి బ్రష్‌తో పోలిస్తే కరెంటు బ్రష్ వాడిన వాళ్ళలో పాచి ఒకటి నుండి మూడు నెలల్లో 11 శాతం, మూడు నెలలు దాటాక 21 శాతం తగ్గింది. చిగుళ్ళ వాపు అదే గడువుల్లో 6 శాతం, 11 శాతం తగ్గింది. ఈ అంకెలు గొప్ప అద్భుతాలేమీ కావు, ప్రకటనల్లో చెప్పేంత అసలే కావు. ఆరోగ్యంగా ఉన్న చేతులకు ఆ తేడా పెద్దగా కనబడకపోవచ్చు. వేళ్ళు బిగిసినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, పండ్లకు తీగలు ఉన్న పిల్లలకు ఆ తేడా చాలా ఎక్కువగా ఉంటుందని మా ఇంటి అనుభవంతో అంటున్నాను. క్లీనింగ్ చేయించిన తర్వాత బ్రష్ మార్చాం కనుక బాపుకు తగ్గిన నెత్తురులో ఎంత భాగం దేనిదో వేరు చేసి చెప్పలేను. ఏడాది గడిచినా ఐదు మిల్లీమీటర్ల చోట్లు మళ్ళీ పెరగలేదని డాక్టరు కొలిచి చెప్పారు.

ఇక హెడ్ల దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. కంపెనీ హెడ్లు రెండింటికి దాదాపు ఐదు వందల యాభై అవుతున్నాయి. అదే పిడికి సరిపోతాయని చెప్పే పేరులేని హెడ్లు ఎనిమిది నాలుగు వందలకే వస్తున్నాయని చూసి తెప్పించాను. చూపుకు ఒకటే ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున బాపు నోట్లో ఏదో గుచ్చుకుంటున్నదని అద్దం ముందు నిలబడి తంటాలు పడుతుంటే టార్చి వేసి చూశాను. కింది దవడ పండ్ల సందులో నీలం పోగు ఒకటి ఇరుక్కుని, దాని చివర చిగుట్లో దిగి ఉంది. పట్టకారుతో తీశాను. చుక్క నెత్తురు వచ్చింది.

ఆ సాయంత్రం ఆ హెడ్డును, కంపెనీ హెడ్డును రెండింటినీ కాగితంలో చుట్టుకుని వరంగల్ చౌరస్తా దగ్గర నాకు తెలిసిన గడియారాలు బాగు చేసే ఆయన దగ్గరికి పోయాను. ఆయన కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నాకిచ్చి, లైటు దగ్గరికి జరిపారు. కంపెనీ హెడ్డు పోగుల చివర్లు అగ్గిపుల్ల తలలా నున్నగా గుండ్రంగా ఉన్నాయి. రెండోదాని చివర్లు కత్తెరతో కోసిన జాలితీగలా ఉన్నాయి, కొన్ని ఏటవాలుగా, కొన్ని ముక్కలు లేచి. ఒక కుచ్చును వేలితో లాగితే రెండు పోగులు చేతిలోకి వచ్చాయి. అడుగున ప్లాస్టిక్ గొట్టం కడ్డీ మీద వదులుగా కూర్చుని, తిప్పితే ఊగుతున్నది. ఆయన తన వృత్తి మాటల్లోనే, “ఇది ఫిట్టింగ్ లేదు సార్, మోటరు కడ్డీ కూడ అరిగిపోతది,” అన్నారు. మెత్తటి చిగురు మీద నిమిషానికి వేలసార్లు కదిలే వస్తువుకు చివర నున్నగా ఉండటం, గట్టిగా బిగుసుకుని ఉండటం ఎంత అవసరమో నాకు ఆ భూతద్దంలో తెలిసింది. బయటి కంపెనీల హెడ్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. చివర్లు గుండ్రంగా చేశారని స్పష్టంగా రాయని, తయారుచేసిన వాళ్ళ పేరు, చిరునామా లేని హెడ్డును మాత్రం ముసలివాళ్ళ నోట్లో పెట్టవద్దని అంటున్నాను. మిగిలిన ఏడింటితో వంటింటి సింకు మూలలు, కుక్కర్ మూత గాడి కడుగుతున్నాం.

డబ్బు లెక్క అందరూ అడుగుతారు కనుక మా లెక్క చెబుతాను. ఏడాదికి నాలుగు హెడ్లు, పదకొండు వందలు. చేతి బ్రష్షులైతే నూట అరవై. తేడా తొమ్మిది వందల నలభై రూపాయలు. కిందటి సంవత్సరం మా ఇంట్లో ఒక రూట్ కెనాల్‌కు, దాని మీద క్యాప్‌కు కలిపి ఆరు వేలు కట్టాం, నాలుగు సార్లు తిరిగాం. పిడి ఖర్చు తగ్గించుకోవడానికి ఒక మార్గం ఉంది. ఒకే పిడిని ఇద్దరు వాడుకోవచ్చు, ఎవరి హెడ్డు వాళ్ళదే. కొన్ని హెడ్ల అడుగున రంగు ఉంగరాలు వేరువేరుగా వచ్చేది అందుకే. బాపుది పసుపుపచ్చ, నాది నీలం. వాడిన తర్వాత పిడిని కడిగి తుడిచి పెట్టాలి, అంతే.

కడగడం గురించి మన నీళ్ళను దృష్టిలో పెట్టుకుని రెండు మాటలు చెప్పాలి. మా వాడకపు నీళ్ళు బోరువి. బకెట్‌కు, నల్లాకు కట్టినట్టే బ్రష్ కడ్డీ చుట్టూ కూడా తెల్లటి ఉప్పు పొర కడుతుంది. హెడ్డును తీయకుండా రోజులతరబడి వదిలేస్తే దాని కింద నల్లటి జిగురు పేరుకుని వాసన వస్తుంది. ప్రతిసారీ హెడ్డు ఊడదీసి, లోపల, బయట కడిగి, కడ్డీని గుడ్డతో తుడిచి, రెండింటినీ విడివిడిగా గాలి తగిలేట్టు నిలబెట్టాలి. మూత ఉన్న డబ్బాలో తడిగా పెట్టవద్దు. లిథియం బ్యాటరీ ఉన్నది కొంటే ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు వారాల దాకా వస్తుంది, కరెంటు పోయినా ఇబ్బంది ఉండదు.

హెడ్డు ఎప్పుడు మార్చాలన్నది మరిచిపోవడం సహజం. కొన్నిటికి నీలం పోగుల రంగు వెలిసిపోయి గుర్తు చేస్తుంది. మేము పండుగలకు ముడిపెట్టుకున్నాం. సంక్రాంతి, ఉగాది, బోనాలు, బతుకమ్మ. వీటి మధ్య దూరం కొంచెం అటూ ఇటుగా మూడు నెలలే. మధ్యలో పోగులు బయటికి విచ్చుకుంటే పండుగ దాకా ఆగకుండా మారుస్తాం, అలా విచ్చుకుందంటే ఎక్కువ ఒత్తుతున్నామని కూడా అర్థం. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అమ్మ పూలు తెంపుకొచ్చే ఒక పొద్దున బాపు తనంతట తానే పాత హెడ్డు పట్టుకుని వచ్చి, “ఇగ ఇది మార్చాలె కద,” అంటారు.

నయీంనగర్‌లో మేము మందులు కొనే మెడికల్ షాపులో మొదట్లో ఈ హెడ్లు ఒక ప్యాకెట్టే ఉండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. అడిగీ అడిగీ ఇప్పుడు ఆయన ఎప్పుడూ నాలుగు ప్యాకెట్లు తెప్పించి పెడుతున్నారు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఒకావిడ, పక్షవాతం వచ్చిన వాళ్ళ అత్తమ్మ కోసమని, అదే ప్యాకెట్టు చేతిలో పట్టుకుని ఏ పిడికి సరిపోతుందని అడుగుతున్నది. నేను పక్కకు జరిగి, నా ఫోనులో ఉన్న మా పిడి ఫోటో చూపించి, కడ్డీ ఆకారం చూసుకొమ్మన్నాను.